అమ్మ చెయ్యి చూసిన చోటు

ఆ చలికాలం అమెరికాలోని డులూత్‌లో, మతిమరుపు ముదిరిన ఆర్డిస్ రాత్రి వేసుకునే గౌనుతోనే, కాళ్ళకి ఏమీ లేకుండా మంచులోకి నడిచి వెళ్ళిపోయింది. ఉత్తరాలు పంచే మనిషి చూసి ఇంటికి తీసుకొచ్చాడు. కూతురు వెర్నా అప్పుడు స్నానం చేస్తోంది.

వారం తిరక్కుండానే ఆర్డిస్ మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళింది. "మా అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది, నన్ను వదులు," అంటూ గడియ తీయబోయింది. నచ్చజెప్పి నచ్చజెప్పి ఓపిక చచ్చిపోయి, వెర్నా తల్లి మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగింది. సాయంత్రానికి వేళ్ళ అచ్చు నల్లగా కమిలింది.

"ఇదెక్కడ తగిలించుకున్నానో," అంది ఆర్డిస్ చూసుకుంటూ.

మర్నాడు తమ్ముడు కర్ట్‌కి ఫోన్ చేసింది. "మతిమరుపు వాళ్ళని చూసుకునే చోట అమ్మని చేర్పిద్దాంరా."

"రెండేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది అదే కదక్కా. అప్పుడు నన్ను రాక్షసుణ్ణి చేశావు."

"ఇప్పుడు రాక్షసిని నేనే అయ్యాన్లే."

అతను ఎందుకని అడగలేదు. వెర్నా కూడా చెప్పలేదు.

మొదట చూసిన చోటు సరస్సు ఒడ్డున ఉంది. హాల్లో పియానో, వంటింట్లోంచి కుకీల వాసన. "మీ అమ్మగారు ఇక్కడ రాణిలా ఉంటారు," అంది మేనేజరు. ఆర్డిస్ స్వెటర్ చెయ్యి పైకి జరిగి మచ్చ కనబడుతూనే ఉంది. మేనేజరు చూపు దాని మీద పడింది, పక్కకి తప్పుకుంది. వెర్నాకి హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

రెండోది పాత ఆసుపత్రి వెనక. కిటికీలోంచి చూస్తే కార్లు తప్ప ఏమీ కనబడవు, తివాచీ అరిగిపోయింది. నర్సు యోలాండా పలకరింపుగా ఆర్డిస్ చెయ్యి అందుకుని, వదలకుండా తిప్పి చూసింది.

"ఇదెలా అయింది?"

"పడింది," అంది వెర్నా.

"అవునమ్మా, పడ్డాను," అంది ఆర్డిస్. "నాకు చూసుకోకుండా నడిచే అలవాటు. మా అమ్మాయే లేపింది."

పొద్దున తిన్నదేమిటో గుర్తులేని మనిషి ఆ మాట ఎలా అందో, కూతుర్ని కాపాడాలనే అందో, వెర్నాకి ఎప్పటికీ తెలియలేదు. కారెక్కాక స్టీరింగు పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయింది. "చలేస్తోందా?" అని తల్లి తన శాలువా తీసి ఆమె ఒళ్ళో వేసింది.

"సరస్సు కనబడేది వదిలేసి ఆ చీకటి కొంపా?" అన్నాడు కర్ట్.

"అక్కడ అడుగుతారు," అంది వెర్నా.

చేర్పించిన రోజు యోలాండాని పక్కకి పిలిచి చెప్పింది. "అమ్మ పడలేదు. నేనే లాగాను."

యోలాండా ఓదార్చలేదు. "ఇది నేను పైవాళ్ళకి చెప్పాలి," అంది.

"చెప్పండి."

భోజనాల గదిలో ఆర్డిస్ అప్పటికే ఒక ముసలాయన పక్కన కూర్చుని ఆయన రొట్టెకి వెన్న రాస్తోంది. "నువ్వెళ్ళమ్మా, నాకిక్కడ పనుంది," అంది తలెత్తకుండానే.

వెర్నా ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా కుర్చీలో వాలి, చీకటి పడేదాకా నిద్రపోయింది. ఈ రెండేళ్ళలో అంత నిద్ర ఎరగదు. లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. మచ్చ సంగతి నర్సుకి చెప్పగలిగింది గానీ, ఈ తేలిక సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయింది.