తిప్పన్న ఏరుకున్న డిస్కు

ప్రొద్దుటూరులో జమాల్ స్పేర్ పార్టుల కొట్టు మెట్టు తిప్పన్న ఎక్కడం అదే మొదలు. మైలవరం అవతల ఆయన ఊళ్లో ఆ కొట్టు పేరెత్తితే ఎదుటి పార్టీ పేరెత్తినట్టే. రెండు ఎన్నికలుగా కొట్టు ముందర వాళ్ల జెండా ఉంది. తిప్పన్న సుంకిరెడ్డి వర్గం. ఆ వర్గపు మనిషికి బండి సామాను ఏం కావాలన్నా పులివెందులకు పోయి సుంకిరెడ్డి అల్లుడి కొట్లో కొనాల్సిందే. టీ బంకు వేరు, గడ్డం గీసే మంగలి వేరు, చివరికి పిండిమర కూడా వేరు.

తిప్పన్న సంచిలోంచి విరిగిన బ్రేకు డిస్కు తీసి గాజుబల్ల మీద పెట్టాడు. మూడు ముక్కలు. తన మోటారుసైకిలుకు ఇలాంటిదే కొత్తది కావాలన్నాడు. జమ్మలమడుగులో దొరకలేదన్నాడు.

జమాల్ ఒక ముక్క తీసుకుని అంచు చూశాడు. రంధ్రాల దగ్గర చూశాడు.

"ఇది యాడ కొంటివప్పా?"

"పులివెందుల్లో."

జమాల్ ముక్కను బల్ల మీద పెట్టాడు. లోపలికి పోయాడు.

ఏడాదిన్నర కిందట తొండూరు దాటాక వంక మలుపులో గొర్రెల మంద రోడ్డుకు అడ్డం పడింది. తిప్పన్నది తాతల నాటినుంచీ గొర్రెలు మేపే ఇల్లు. మంద కనబడితే చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. పోయింది. డిస్కు పటుక్కున విరిగి, ముక్క ఇరుక్కుని, ముందు చక్రం బిగుసుకుపోయింది. వెనక కూర్చున్న భార్య లక్ష్మీదేవమ్మ ఎగిరి కల్వర్టు గోడకు తగిలి అక్కడే చనిపోయింది. తిప్పన్నకు భుజం విరిగింది. మందలో ఒక్క గొర్రెకు కూడా దెబ్బ తగల్లేదు.

మూడోనాడు ఆసుపత్రి మంచం దగ్గరికి సుంకిరెడ్డి ఒక కాగితం రాయించి తెచ్చాడు. తిప్పన్న ఐదో తరగతి దాకా చదివినవాడు. చదవగలడు. ఆ రోజు చదవలేదు, సంతకం పెట్టాడు. ఎదుటి వర్గం చెన్నకేశవ మలుపులో కాపు కాసి కర్రలతో కొట్టి ఆమెను చంపాడని అందులో ఉంది. చెన్నకేశవను జైల్లో పెట్టారు. లక్ష్మీదేవమ్మ బతికున్నన్నాళ్లూ ఆమె పేరు ఒక్కసారైనా పలకని సుంకిరెడ్డి, ఆమె బొమ్మతో మూడు ఊళ్లలో ఫ్లెక్సీలు కట్టించాడు. బొమ్మ కింద తన బొమ్మ పెద్దది.

రేపు ప్రొద్దుటూరు కోర్టులో తిప్పన్న సాక్ష్యం. సాక్షుల్ని కోర్టుకు సుంకిరెడ్డి జీపులో తీసుకుపోతారు. జీపు ఎక్కినవాడు దారిలో నేర్పిన మాట అక్కడ చెప్తాడు. ఎవరి జీపు దిగాడో చూస్తే చాలు, సాక్ష్యం వినక్కర్లేదని కోర్టు ముందర టీ కొట్టువాడు కూడా చెప్తాడు. సొంత బండి మీద ఒంటరిగా పోయిన సాక్షి ఇంతవరకు లేడు. తిప్పన్న పోదల్చుకున్నాడు. దానికి బండికి బ్రేకు కావాలి.

జమాల్ మూడు డిస్కులు తెచ్చి వరసగా పెట్టాడు. మొదటిది అద్దంలా మెరుస్తోంది. నిండా పూలు పూసినట్టు రంధ్రాలు. రెండోది పాత బండి నుంచి విప్పింది. మూడోది మసక రంగులో, నూనె కాగితం చుట్టి ఉంది.

తిప్పన్న పొట్టేలును ఉన్ని చూసి కొనడు. నోరు తెరిచి పళ్లు చూసి కొంటాడు. మెరిసేదాన్ని ముందు పక్కకు నెట్టాడు. పులివెందులలో తాను కొన్నది ఇట్లాగే మెరిసింది. పాతదాని అంచు మీద గోరు పెట్టి లోపలికి లాగాడు. గోరు గట్టు దిగినట్టు దిగింది. నడుమ అంతా అరిగి అంచు మాత్రం మిగిలింది. అదీ పక్కకు పోయింది. మూడోదాన్ని గాజు మీద బోర్లించి చుట్టూ వేళ్లతో నొక్కాడు. ఎక్కడా ఊగలేదు. బోల్టు రంధ్రాల పక్కన, ఎంత మందం దాకా అరిగితే తీసి పారెయ్యాలో అంకె కొట్టి ఉంది. విరిగిన ముక్కలన్నీ తిప్పి చూశాడు. వాటి మీద ఏ అంకె కూడా లేదు.

ఇదే ఇమ్మన్నాడు. డిస్కును పట్టి ఆపే ప్యాడ్లు కూడా మార్చుకొమ్మని, పాత ప్యాడ్లు కొత్త డిస్కును గీరేస్తాయని జమాల్ చెప్పాడు. అవీ తీసుకున్నాడు.

అప్పుడే రోడ్డు మీద సుంకిరెడ్డి జీపు ఆగింది. దాన్ని నడిపేది చిన్నసుబ్బయ్య, లక్ష్మీదేవమ్మ తమ్ముడు. దిగి వచ్చాడు కానీ మెట్టు ఎక్కలేదు.

"బావా, కొట్టు ఎవరిదో చూసుకునే ఎక్కినావా?"

"చూసుకున్యా. ఈసారి డిస్కు కూడా చూసుకుంటాండా."

రేపు తొమ్మిదికి జీపు తెస్తానన్నాడు చిన్నసుబ్బయ్య. తనకు బండి ఉందన్నాడు తిప్పన్న.

"అక్కను సంపినోళ్ల పార్టీ కొట్లో సామాను కొని, ఆ బండెక్కి కోర్టుకొస్తావా? సిగ్గనిపించలే?"

తిప్పన్న మెట్టు దిగి వచ్చి, విరిగిన ముక్క ఒకటి వాడి చేతిలో పెట్టాడు.

"మీ అక్కను సంపింది ఇదిరా. ఏరి తెచ్చింది నేను. ఆ పొద్దు డిస్కు చూసి కొనలే. పార్టీ చూసి కొన్యా."

చిన్నసుబ్బయ్య ముక్కను చూడలేదు. చెయ్యి మాత్రం మూసుకుంది.

"నువ్వట్ల చెప్తే ఆ చెన్నకేశవ గాడు బయటికొస్తాడు బావా."

"రానీ. నా గొర్రెలకు మందు పెట్టి సంపినోడు వాడు. దానికి ఉరేస్తామంటే తాడు నేనే పేని తెస్తా. దీనికి మాత్రం కాదు."

"రెడ్డి ఊరకుంటాడనుకుంటాండావా?"

"ఊరకుండొద్దని చెప్పు. నా ఇల్లు యాడుందో ఆయనకు తెలుసు."

సాయంత్రం జమ్మలమడుగులో మెకానిక్కు నబీ రసూల్ డిస్కు బిగించాడు. తిప్పన్న పక్కనే కూర్చుని ప్రతి బోల్టూ చూశాడు.

మర్నాడు తెల్లవారకముందే బయలుదేరాడు. జీపు వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది.

కోర్టులో ప్రభుత్వ వకీలు ఫిర్యాదు చూపించి సంతకం నీదేనా అని అడిగాడు. నాదే, చదవకుండా పెట్టాను అన్నాడు తిప్పన్న. మలుపులో చెన్నకేశవ లేడు, ఎవరూ లేరు, గొర్రెలున్నాయి, బ్రేకు విరిగింది అన్నాడు. వకీలు ముఖం ఎర్రబడింది. ఎదుటివాళ్ల బెదిరింపుకు లొంగావా అన్నాడు. మరి నీ భార్య చావుకు కారకులెవరని గట్టిగా అడిగాడు.

"పులివెందుల్లో సుంకిరెడ్డి అల్లుడు అమ్మిన డిస్కు. దాన్ని కొన్నోణ్ణి నేను. రెండూ రాసుకోండి సామీ."

హాలు వెనక బెంచీలోంచి సుంకిరెడ్డి లేచి బయటికి పోయాడు.

బయట చెట్టు కింద చెన్నకేశవ తల్లి పెద్దసుబ్బమ్మ చేతులు జోడించి ఎదురొచ్చింది. ఊరి దారిలో సుంకిరెడ్డి మనుషులు కాచుకుని ఉంటారని, తమ జీపులు రెండున్నాయని, నడుమ కూర్చుని రమ్మని బతిమాలింది. బండిని తమ పిల్లలు తెస్తారంది.

"నీ కొడుకు కోసరం చెప్పలే పెద్దమ్మా. నా తొమ్మిది గొర్రెల సంగతి వాణ్ణడుగు."

బండి ఎక్కి పోయాడు.

జమ్మలమడుగు దాటి మైలవరం వైపు తిరిగాక రోడ్డుకు అడ్డంగా జీపు ఉంది. చిన్నసుబ్బయ్య స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన సుంకిరెడ్డి. వెనక నలుగురు. తిప్పన్న బండి తిప్పుకోలేదు, పొలాల్లోకి దింపలేదు. జీపుకు రెండు బారల దూరంలో బ్రేకు పట్టి, ఆపి, కాలు కింద పెట్టాడు.

ఆ తాలూకాలో సుంకిరెడ్డి జీపుకు హారను కొట్టినవాడు లేడు. తిప్పన్న కొట్టాడు. జీపు కదల్లేదు. తిప్పన్న మళ్లీ కొట్టాడు, ఈసారి బొటనవేలు తియ్యలేదు.