బడి వదిలిన కారణం

తడిసిన కాగితం వాసన.

బీరువా తలుపు తీయగానే ముఖానికి కొట్టింది. మూడు రోజులుగా ముసురు. పైకప్పు నుంచి బొట్టు... ఇంకో బొట్టు... గోడ మీద నల్లగా కిందికి దిగుతున్న చెమ్మ.

ఆమె మొదటి రిజిస్టరు అట్టని పొడిగుడ్డతో తుడిచింది. ఎనభై రెండేళ్ళ నాటిది. పట్టుకుంటే అంచులు పొట్టులా రాలుతున్నాయి.

పిల్లలు ఆమెను టీసీ మేడం అంటారు. హైస్కూల్లో గుమాస్తా. పిల్లలు చేరేటప్పుడు పేరు రాసుకునేదీ ఆమే, వెళ్ళేటప్పుడు టీసీ రాసిచ్చేదీ ఆమే. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ.

ఈ వారంతో బడి మూత.

ఉత్తర్వులో మూత అని లేదు. విలీనం అని ఉంది. మిగిలింది అరవై ముగ్గురే కాబట్టి, పెద్ద రోడ్డు దాటి చాలా దూరంలో ఉన్న కొత్త బడిలో కలిపేస్తారట. "చక్కెర పూస్తే చేదు మాత్ర తీపవుతుందా?" అని హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడం నవ్వబోయి ఊరుకుంది.

అరవై మూడు టీసీలు రాయాలి. రిజిస్టర్లన్నీ సరిచూసి లారీ ఎక్కించాలి.

ఆమె పేజీలు తిప్పింది.

మొదట్లో ఇది రేకుల షెడ్డు. చుట్టూ ముళ్ళపొదలు. మిల్లు కూలీల పిల్లలు, వర్క్‌షాపు కూలీల పిల్లలు. తర్వాత రెండంతస్తులు. తర్వాత రెండు పూటలు — పొద్దున వెయ్యిమంది, మధ్యాహ్నం వెయ్యిమంది. మెట్ల మీద కాలు పెట్టే సందుండేది కాదు. ఇక్కడ చదివినవాళ్ళే ఈ వీధుల్లో బట్టలు కుట్టారు, బస్సులు నడిపారు, ఆస్పత్రిలో సూదులు వేశారు. మళ్ళీ తమ పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఇదే కిటికీ దగ్గరికి తెచ్చారు.

ప్రతి పేరు చివరా ఒక గడి — బడి వదిలిన కారణం.

చదువు పూర్తి.

తండ్రికి బదిలీ.

మిల్లు మూతపడిన ఏడాది... ఒకే పేజీలో, ఒకే తేదీన, ముప్పై నాలుగు పేర్లు. ఊరు విడిచారు. ఊరు విడిచారు. ఊరు విడిచారు.

వరద వచ్చిన ఏడాది... ఆచూకీ లేదు.

ఆ తర్వాత ఆమె కాలం. అక్కడ చేతిరాత కూడా లేదు. ముద్ర. "తల్లిదండ్రుల కోరిక."

రాసి రాసి వేళ్ళు నొప్పి పుట్టి, కొలువులో చేరిన రెండో ఏడాదే రబ్బరు ముద్ర చేయించుకుంది. పెళ్ళి కుదిరిన పిల్ల — టప్. చెల్లెళ్ళను చూసుకోవడానికి మానేసిన పిల్ల — టప్. ఫెయిలై ముఖం చూపించలేక మానేసిన పిల్ల — టప్. తండ్రి పక్కన తల వంచుకుని నిలబడ్డ పిల్లల్ని ఆమె తలెత్తి చూసింది తక్కువ. కిటికీ బయట వరస పొడుగ్గా ఉండేది మరి.

ఇప్పుడు వరస లేదు.

వాన, అంతే.

ఆ వానలోనే పంక్చర్ షాపు ఆయన వచ్చాడు. కూతురికి టీసీ కావాలన్నాడు. తొమ్మిది పూర్తి చేసిన పిల్ల. ప్రార్థనలో రోజూ వార్తలు చదివేది. మైకు అక్కర్లేని గొంతు. బడంతా రేడియో అని పిలిచేది.

"కొత్త బడిలో చేర్చడానికేగా?" అంది, కలం మూత తీస్తూ.

"లేదమ్మా. మాన్పిస్తున్నా. కుట్టుపని నేర్పేచోట టీసీ అడుగుతున్నారు."

"ఇంకొక్క ఏడాది ఆగితే పది అయిపోతుంది కదయ్యా!"

"రెండు బస్సులు మారాలి. వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచీ చంటాణ్ణి చూసేది అదేనమ్మా. ఇక్కడైతే ఇంటర్వెల్లో పరుగున వచ్చి పాలు పట్టి వెళ్ళేది. అక్కణ్ణుంచి ఎలా వస్తుంది?"

వేళ్ళకు గ్రీజు. కళ్ళ కింద నలుపు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి పంపేది.

"పెద్ద మేడం సంతకం కాలేదు. రేపు రా."

అబద్ధం. సంతకాలు చేసిన ఖాళీ టీసీ ఫారాలు సొరుగులోనే ఉన్నాయి.

మర్నాడు, సీలు కనపడటం లేదంది. ఆ మర్నాడు, రిజిస్టరు తడిసింది, ఆరాలంది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. మోకాళ్ళదాకా తడిసి వచ్చాడు, అలాగే వెళ్ళాడు. ఎవర్నీ ఎప్పుడూ కాళ్ళరిగేలా తిప్పని మనిషి — తిప్పింది.

ఈలోపు కొత్త బడికి ఫోన్ చేసింది, పిల్లలకు బస్సు వేస్తారా అని. పైవాళ్ళను అడుగుతామన్నారు. రేడియోను ఆపే దారేమైనా ఉందా అని పెద్ద మేడంను అడిగింది.

"మనం ఎంతమందిని ఆపగలం?" అంది పెద్ద మేడం, గోడ మీది ఫోటోలు దించి గోనెసంచిలో పెడుతూ... వెనక్కి తిరక్కుండానే.

నాలుగోరోజు ఆయన రాలేదు. పిల్ల వచ్చింది. చంకలో చంటివాడు, నెత్తిన ప్లాస్టిక్ సంచి.

"ఇచ్చేయండి మేడం. నాన్న రోజూ షాపు మూసుకుని వస్తున్నాడు."

"నీకు చదువుకోవాలని లేదా?"

రేడియో చంటివాణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"ఉంటే?"

పొగరుగా కాదు. నిజంగానే అడిగింది. ఉంటే ఏం చెయ్యాలో మేడంకు తెలిసే ఉంటుందని అడిగింది.



టీసీ మేడం సొరుగు లాగింది. రాసింది. పేరు. పుట్టిన తేదీ. నడవడిక — మంచిది. ఆఖరి గడి దగ్గర చెయ్యి తనంతట తానే ముద్ర మీదికి పోయింది. పోయి, ఆగింది.

"ఏం రాయమంటావు?"

ఇన్నేళ్ళలో ఒక్క పిల్లనూ అడగని మాట.

రేడియో ఆలోచించింది. చంటివాడు అక్క చెవి పట్టుకుని లాగుతున్నాడు.

"నేనెక్కడ వదిలాను మేడం? బడే వెళ్ళిపోతోంది."

అదే రాసింది. టీసీలోనూ, రిజిస్టర్లోనూ. బడి వెళ్ళిపోయింది.

కాగితం అందిస్తూ కిటికీ చువ్వల్లోంచి పిల్ల చెయ్యి పట్టుకుంది. "అక్కడ కూడా కిటికీ దగ్గర కూర్చునేది నేనే. ఎప్పుడొచ్చినా చేర్చుకుంటా. సగం ఏడాది గడిచాక వచ్చినా సరే. విన్నావా?"

పిల్ల తల ఊపింది. విన్నానన్నట్టో, వస్తానన్నట్టో... నెత్తి మీది సంచి తీసి కాగితం అందులో చుట్టి, తాను తడుస్తూ వెళ్ళిపోయింది.

సాయంత్రం పెద్ద మేడం ఆ గడి చూసింది. "ఇలా రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరు" అంది. కళ్ళద్దాలు తుడుచుకుంది. మళ్ళీ చదివింది. కొట్టెయ్యలేదు.

శనివారం లారీ వచ్చింది. బీరువా ఎవరికీ అక్కర్లేదన్నారు.

సోమవారం, కొత్త బడి. గేటు ముందు బస్‌స్టాపు. ఆమె గంట ముందే వచ్చి గొడుగు కింద నిలబడింది. పాత బడి పిల్లలు ఒక బస్సులోంచి ఏడుగురు దిగారు. ఇంకోదాంట్లోంచి నలుగురు. వాళ్ళలో రేడియో లేదు. "మేడం!" అని అరిచారు, కొత్తచోట తెలిసిన ముఖం దొరికిన సంబరంతో.

మంగళవారం ఆ నలుగురిలో ఇద్దరే.

గురువారం గంట కొట్టారు. వాచ్‌మన్ గేటు సగం మూసి, లోపలికి రమ్మన్నట్టు ఆమె వంక చూశాడు.

ఒక్క నిమిషం, అంది.

దూరంగా, వాన తెర వెనక, ఏదో బస్సు వస్తోంది. ఏ వైపు బస్సో... బోర్డు కనపడటం లేదు.