చెరువులో వేసినవాడే ఛాంపియన్

నేను ఒక అబద్ధపు ముఖంతో పుట్టిన వీడియో గేమ్ క్యాసెట్‌ని. ఒళ్లు పసుపు. నా మీద అంటించిన బొమ్మలో కండలు తిరిగినవాడొకడు తుపాకీ పేలుస్తుంటాడు. లోపల మాత్రం టోపీ పెట్టుకున్న పొట్టి మనిషి తెల్లని బంతిని కర్రతో కొట్టి గుంటలో వేస్తాడు. ఆ ఆట గోల్ఫ్. నన్ను చేసిన కార్ఖానాలో ఏ బొమ్మ మిగిలితే అది అంటించేవాళ్లు. నన్ను తప్పుపట్టేముందు ఎన్నికలప్పటి గోడలు ఒకసారి చూడండి.

చీరాల దగ్గరి పల్లెకు నన్ను తెచ్చింది బుచ్చయ్య గారు. యుద్ధం ఆట అనుకుని కొన్నారు. గోల్ఫ్ బయటపడ్డాక, "ఇదే అడిగి తెచ్చా" అన్నారు. తెలియదనడం ఆయనకు అలవాటు లేదు. ఆయన పిల్లలిద్దరూ, చలపతి, అతని చెల్లెలు త్రిపుర, ఎట్టా గెలవాలని అడిగితే తెర మీది అంకె చూపించి, "ఎవరికి ఎక్కువొస్తే వాళ్లు" అన్నారు. క్రికెట్‌లో అంతే కదా.

నిజానికి గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాళ్లే గెలిచినట్టు. నాకు నోరుంది గాని అది పెట్టెలో దూరడానికి మాత్రమే.

చలపతి బంతిని ఇసుకలో, చెట్లలో పడేసి గంపెడు దెబ్బలు కొట్టేవాడు. చెరువులో పడితే శిక్షగా ఒక దెబ్బ కలుస్తుంది. అది బహుమతి అనుకుని, చెరువు కనబడితే చాలు, గురిచూసి వేసేవాడు. త్రిపుర గాలి ఎటుందో చూసి మూడు దెబ్బల్లో ముగించి, దిగాలుపడి లేచేది. కావాలని తప్పు కొట్టడం ఆమెకు చేతకాలేదు. గుంట కనబడితే చెయ్యి దానివైపే పోయేది. అప్పుడు తెర మీది పొట్టి మనిషి చేతులెత్తి గంతులేస్తాడు. "నీ ఆట చూసి లబోదిబోమంటున్నాడే" అనేవాడు అన్న. తన ఆటకు ఆ మనిషి తల వంచుకుంటే, "నాకు దణ్ణం పెడుతున్నాడు" అనేవాడు.

ఓడినవాళ్లు గేదెకు కుడితి కలపాలని పందెం. ఆ ఇంటి గేదె త్రిపుర చేతి కుడితి తప్ప మరొకటి ఎరగకుండానే ముసలిదైంది.

చలపతి గుంటూరులో అపార్ట్‌మెంట్లు కట్టి పెద్దవాడయ్యాడు. త్రిపుర పెళ్లయి పల్లెలోనే ఇంకో వీధికి వెళ్లింది. ఎవరూ అడగని వస్తువుగా గేము పెట్టెతో పాటు నేనూ ఆమె వెంట వెళ్లి అటక మీద కూర్చున్నాను.

మొన్న చలపతి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని చెల్లెలింటికి భోజనానికి వచ్చాడు. ఆయన శేషాద్రి గారు. ఒక గోల్ఫ్ క్లబ్బులో ఎవర్ని చేర్చుకోవాలో చెప్పే మనిషి. ఆ క్లబ్బు గడ్డి మీద నడిచేవాళ్లకు ఆఫీసుల్లో ఫైళ్లు వాటంతటవే నడుస్తాయట. అందులో చేరాలని చలపతికి ప్రాణం కొట్టుకుంటోంది. కర్రలు కొన్నాడు, తెల్ల బూట్లు కొని ఇంట్లోనూ విప్పట్లేదు. ఆట మాత్రం నేర్చుకోలేదు. వచ్చనే నమ్మకం.

"చిన్నప్పుడు ఈ ఆటలో నన్ను కొట్టినోడు లేడండీ. త్రిపురా, ఆ గేము పెట్టె ఉందా?"

"ఉందన్నయ్యా. ఇప్పుడెందుకులే, అన్నం చల్లారిపోద్ది."

"దించవే, చెప్తా!"

నన్ను చూడగానే శేషాద్రి గారు పిల్లాడైపోయారు. హాస్టల్లో ఇదే ఆట ఆడారట. "దుమ్ముంటే ఆడదు, ముందు ఊదండి, ఊదండి" అన్నారు. చలపతి నా నోట్లో ఊదాడు. ఒకప్పుడు వేయించిన బఠాణీల వాసన, ఇప్పుడు యాలకులు. ధీమా మాత్రం అదే.

బంతిని రెండుసార్లు చెరువులో వేశాడు. "చూశారా, ఇందులో వేస్తే ఒకటి అదనంగా ఇస్తాడు. ఈ కిటుకు చాలామందికి తెలియదండీ." శేషాద్రి గారు హాస్యమనుకుని నవ్వారు. చలపతి పదకొండు దాకా లాగి, గర్వంగా జాయ్‌స్టిక్ చెల్లెలికిచ్చాడు. త్రిపుర తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని కూర్చుంది. మూడు దెబ్బలు.

"పాపం, చిన్నప్పట్నుంచీ దీనికింతేనండీ. మూడుకే అయిపోద్ది."

శేషాద్రి గారి నవ్వు ఆగింది. "చలపతి గారూ, తక్కువ కొట్టినవాళ్లే కదండీ గెలిచేది!"

"ఎక్కడన్నా తక్కువేసినోడు గెలుస్తాడా అండీ?"

"ఎందుకు గెలవడు?" అంది త్రిపుర. "సిమెంటు తక్కువేసి నువ్వు గెలవట్లా?"

శేషాద్రి గారు పగలబడి నవ్వారు. "మీరు తప్పకుండా చేరాలి. మీ లెక్కన మా క్లబ్బులో అందరూ ఛాంపియన్లే." చలపతి ముఖం వెలిగింది. ఆయన త్రిపురవైపు తిరిగి, "మీరు కూడా..." అనబోయి, ఆమె కొంగుకంటిన పిండి చూసి మంచినీళ్లు తాగారు.

పెరట్లో గేదె అరిచింది.

"లే అన్నయ్యా. ఓడినోళ్లే కదా కుడితి కలపాల్సింది."

"ఇప్పుడా? తెల్ల బూట్లే..."

"ఇప్పేసి పో."

చలపతి శేషాద్రి గారి వంక చూశాడు. "రూలు రూలే కదండీ" అన్నారాయన. క్లబ్బు మాట కాదనలేక చలపతి ప్యాంటు మడిచి పెరట్లోకి నడిచాడు. ఆ వింత చూడటానికి పెద్దమనిషి కూడా వెనకే వెళ్లారు.

త్రిపుర నన్ను బయటికి తీసి, మెల్లగా ఊది, మళ్లీ పెట్టింది. మజ్జిగ వాసన. ఈసారీ మూడే. పొట్టి మనిషి చేతులెత్తి ఎగిరాడు. ఆమె తెరకు దగ్గరగా జరిగి వాణ్ణి తేరిపార చూసింది.

"ఇన్నేళ్లూ లబోదిబోమంటున్నావనుకున్నా కదయ్యా" అంది.