గొడ్డలి రాణి

మా ఇంట్లో షోకేసు నిండా బొటనవేలంత బొమ్మలే. అన్నీ మా ఆయన ఆడే వీడియో గేములోవి. లోపల ఏ బొమ్మ ఉందో కనిపించకుండా ప్యాకెట్లలో అమ్ముతారు. ఈయన ఎన్ని కొన్నా డాలు పట్టుకున్న సిపాయే వస్తాడు. పదహారు మంది సిపాయిలు పోగయ్యారు గానీ, గొడ్డలి రాణి జాడే లేదు. భోజనానికి కూర్చుంటే చాలు, అదే ఏడుపు. విని విని నా ప్రాణం విసిగిపోయింది.

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. నిన్న రోగులెవరూ లేని సమయం చూసి, ఆయన కొత్తగా తెచ్చిన ప్యాకెట్‌ని మెషిన్ కింద పెట్టాను. పైకెత్తిన చెయ్యి, అందులో గొడ్డలి!

సాయంత్రం ప్యాకెట్టూ ఫిల్మూ ఆయన చేతిలో పెట్టాను.

"ఇదిగో మీ రాణి. ఇకనైనా నన్ను బతకనివ్వండి."

ఆయన మొహం మాడిపోయింది.

"ముందే చూసేస్తే ఇంక విప్పడంలో మజా ఏముంది? నీకసలు బుద్ధుందా?"

విసవిసా కొట్టుకు వెళ్లి, ఆ ప్యాకెట్ ఇచ్చేసి ఇంకోటి మార్చుకొచ్చారు. నా ఎదురుగానే ఆత్రంగా చింపారు.

పదిహేడో సిపాయి.

"చూశావా," అన్నారు దిగులుగా, "ఆ రాణికి నేనంటే ఎందుకో గిట్టదు."