షైనీకి కార్డు చేరిన విధం

శనివారం మధ్యాహ్నం సువర్ణ వంటింటి గుమ్మంలో కూర్చుని నిమ్మకాయలు తరుగుతుంటే ఫోను మోగి ఆగింది. ఏదో విదేశీ నంబరు నుంచి సందేశం.

"పిన్నీ, నేను షైనీని. బస్సులో నా బ్యాగు కొట్టేసేరు. ఫోను, కార్డులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇది ఫ్రెండు ఫోను. అర్జెంటుగా డబ్బు కావాలి. ఎక్కడికి వెయ్యాలో చెప్తాను."

సువర్ణ చేతులు తుడుచుకుని దాన్ని రెండోసారి చదివింది. అంతకు ముందు ఆదివారమే ఆరాధన అయ్యాక ఎస్సైగారు చర్చికి వచ్చి మాట్లాడారు. "తెలియని నంబరు, కంగారు మాటలు, డబ్బు. ఈ మూడూ కలిసేయంటే మోసమేనండీ. ఇప్పుడు మీ పిల్లల గొంతు కూడా దింపేస్తున్నారు" అని మరీ మరీ చెప్పారు. సువర్ణ మలికిపురంలో హైస్కూలు టీచరు. మర్నాడు ఆ మాటలే తన క్లాసు పిల్లలకి పాఠంలా చెప్పింది కూడా. అందుకని ఆలోచించకుండా ఆ నంబరును బ్లాకులో పెట్టేసింది. తర్వాత షైనీ సొంత నంబరుకి చేసింది. స్విచాఫ్. క్లాసులో ఉందేమో అనుకుంది. కానీ మళ్లీ కత్తిపీట ముందు కూర్చున్నా ఫోను పక్కనే పెట్టుకుంది.

షైనీ, సువర్ణ భర్త బెంజమిన్‌కి మొదటి భార్య వల్ల పుట్టిన కూతురు. తల్లి పోయిన రెండేళ్లకి సువర్ణ ఆ ఇంటికి వచ్చింది. అప్పటికి పిల్ల నాలుగో తరగతి. ఇప్పుడు జార్జియా దేశంలో, తిబిలిసీ అనే ఊళ్లో డాక్టరీ చదువుతోంది. బెంజమిన్ కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు. ఆ రోజు అంతర్వేది వైపు గాలికి తీగలు తెగాయని పొద్దున్నే వెళ్లాడు. ఫోను ఎత్తడం లేదు.

కాసేపటికి ఇంకో తెలియని నంబరు. ఈసారి సందేశం కాదు, కాల్.

"పిన్నీ! నేనే. ఫోను పెట్టెయ్యకు."

గొంతు షైనీదే. సువర్ణ గుండె ఒక్కసారి ముందుకు దూకింది గాని, ఎస్సైగారి మాట దాన్ని వెనక్కి లాగింది.

"వీడియో పెట్టు, చూస్తాను."

"ఈ ఫోనుకి కెమెరా పగిలిపోయింది పిన్నీ. హాస్టల్లో ఎవరో అమ్మాయిది. ఎక్కువసేపు ఇవ్వదు."

వీడియో కుదరదన్నమాట. సువర్ణ అనుమానం ఇంకాస్త గట్టిపడింది. పుట్టినరోజూ, తండ్రి పేరూ అడిగితే లాభం లేదు, అవన్నీ ఈ రోజుల్లో బజార్లోనే దొరుకుతున్నాయి. ఎవరికీ తెలియనిది అడగాలి. ఆమెకు ఒకటి తట్టింది. పెళ్లయిన కొత్తలో షైనీ ఆమెను ఏమనీ పిలిచేది కాదు. ఎదురుగా వచ్చి నిలబడేది, అంతే. ఒకసారి విషజ్వరం వచ్చి అమలాపురం ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తెల్లవారుతుండగా "పిన్నీ, మంచినీళ్లు" అంది. ఆ మాట సువర్ణ ఎవరికీ చెప్పుకోలేదు. బెంజమిన్‌కి కూడా.

"నువ్వు షైనీవే అయితే చెప్పు. నన్ను మొట్టమొదట పిన్నీ అని ఎక్కడ పిలిచేవు?"

అవతల ఎవరో ఫోను ఇచ్చెయ్యమంటున్నారు.

"పంటు మీద."

కాదు, అనబోయింది సువర్ణ. పెట్టేద్దామని వేలు కూడా ఎత్తింది.

"సఖినేటిపల్లి రేవులో పంటెక్కి గోదారి దాటి నరసాపురం వెళ్లేం కదా, క్రిస్మస్ బట్టలకి. నా చెప్పు గోదాట్లో పడిపోయింది. పిన్నీ, పిన్నీ అని రెండుసార్లు పిలిచేను. ఇంజను హోరు, నువ్వు ఎవరితోనో మాట్లాడుతున్నావు. అవతలి ఒడ్డుకి దిగేక ఒంటి చెప్పుతో నన్ను చూసి, నోరు లేదా, చెప్పలేవా అని కేకలేసేవు."

సువర్ణ ఎత్తిన వేలు దించింది. ఆ చెప్పు ఆమెకు గుర్తుంది. నరసాపురంలో ముందుగా చెప్పుల కొట్టుకే వెళ్లవలసి వచ్చిందన్న విసుగూ గుర్తుంది. పిల్ల ఏమీ అనకుండా తల వంచుకుని నడిచింది. మొండిది అనుకుంది తను. పిలిచిందని తెలియదు. తను ఇన్నేళ్లూ దాచుకున్నది రెండో పిలుపన్నమాట.

"నాకు వినబడలేదే అమ్మా" అంది.

"తెలుసు. అప్పుడు తెలీలేదు, తర్వాత తెలిసింది. అదంతా ఇప్పుడెందుకు, ఫోను తీసుకునేస్తారు. కార్డు ఆపించు ముందు."

ఆ తర్వాత సువర్ణ చకచకా కదిలింది. బెంజమిన్ దొరికేదాకా ఫోను చేసి, కార్డులు అతని ఖాతావి కాబట్టి అతని చేతే ఆపించింది. మొదటి నంబరును బ్లాకులోంచి తీసింది. అది షైనీ గదిలోనే ఉండే సత్యదుర్గ అనే అమ్మాయిదట. ఐ.పోలవరం వాళ్లు. సాయంత్రం ఆ అమ్మాయి తండ్రి గంగాధర్ తనే ఫోను చేశాడు.

"ఆయ్, సత్యదుర్గ నాన్ననండి. రొయ్యల చెరువులండి మాకు. మీరేం కంగారు పడకండి. మీ పాపకి కావలసింది మా పాప ఇస్తాదండి."

"మీకు ఇక్కడ ఫోన్లో వేసేస్తానండీ, అక్కడ మీ అమ్మాయి చేతికిస్తే చాలు."

"వేద్దురుగాని లెండి. ముందు పిల్లల్ని తిననివ్వండి."

సువర్ణ ఆగలేదు, వెంటనే వేసింది. ముక్కూ మొహం తెలియని మనిషికి డబ్బు పంపే మీట నొక్కాక గాని తను ఏం చేసిందో ఆమెకు తోచలేదు. మధ్యాహ్నం సొంత పిల్లను నమ్మలేదు. సాయంత్రం ఊరూ పేరూ చెప్పిన ఒక గొంతును నమ్మేసింది.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే అంటే బెంజమిన్ "నువ్వు చేసినదాంట్లో తప్పేముంది? జాగ్రత్త పడ్డావు" అన్నాడు. తప్పు లేదని ఆమెకూ తెలుసు. కానీ ఆ కాసేపూ పిల్ల ఫోను ఎవరిస్తారా అని గది గదికీ తిరిగి ఉంటుంది. జాగ్రత్తకి కూడా ఎవరో ఒకరు వెల కడతారు. ఈసారి అది షైనీ కట్టింది.

సోమవారం రాజోలు బ్యాంకుకి వెళ్లారు. ఆఫీసరు బిందు మర్యాదగా కూర్చోబెట్టింది. "కొత్త కార్డు ఇంటి అడ్రసుకే వస్తుందండీ. పై దేశం మేం పంపం. కొరియరు వాళ్లు కూడా కార్డంటే తీసుకోరు. నమ్మకమైన మనిషి ఎవరైనా వెళ్తుంటే చేతికిచ్చి పంపండి. పిన్ను మాత్రం కార్డుతో పాటు పంపకండేం" అంది.

మనిషి దొరకడం కష్టం కాలేదు. అక్క పెళ్లికి సత్యదుర్గే ఇంటికి వస్తోంది. పోస్టులో కార్డు వచ్చిన మర్నాడు సువర్ణ సెలవు పెట్టి, అమలాపురంలో బస్సు మారి ఐ.పోలవరం వెళ్లింది. పెళ్లి పందిరి ఇంకా విప్పలేదు. గంగాధర్ భార్య గంగాదేవి అన్నం తినందే కదలనివ్వలేదు. సత్యదుర్గ సన్నగా, చేతుల నిండా గోరింటాకుతో ఉంది. కార్డు ఉన్న కవరు తీసుకుని సువర్ణ కళ్లముందే పాస్‌పోర్టు సంచిలో పెట్టి జిప్పు లాగింది.

"నీ నంబరు బ్లాక్ చేసింది నేనేనమ్మా" అంది సువర్ణ. చెప్పకుండా రావడం ఆమెకు కుదరలేదు.

ఆ అమ్మాయి నవ్వింది. "తెలుసండి ఆంటీ. నేనైతే బెంజమిన్ అంకుల్‌కి చేద్దామన్నానండి. షైనీ వద్దంది. నాన్న కంగారుపడి చదువొద్దు, వచ్చెయ్యమంటారు, పిన్నికే చేద్దాం అంది. పిన్ని ముందు నమ్మదు, సవాలక్ష అడుగుతుంది, నమ్మేక మాత్రం పని అయిపోయేదాకా కూర్చోదు అందండి."

అది మెచ్చుకోలో ఫిర్యాదో సువర్ణకి తెలియలేదు. రెండూ కావచ్చు. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటల్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసుకుంది. పన్నెండేళ్లుగా తను ఆ పిల్లను కనిపెట్టి చూస్తున్నాననే అనుకుంది. పిల్ల కూడా తనను అంతే కనిపెట్టి చూస్తోందని, తన కొలతలన్నీ దాని దగ్గర ఉన్నాయని ఎప్పుడూ తోచలేదు.

కార్డు చేరింది. షైనీ కొత్త ఫోను కొనుక్కుని, అక్కడి నంబరు తీసుకుని, మొదటి కాల్ ఇంటికే చేసింది. ఈసారి వీడియో. మంచు పడుతోందట, తల నిండా ఉన్ని టోపీ.

"మొహం కనబడుతోందా? ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని ఏడిపించింది.

"ఉన్నాయి. కార్డు లేని ఆ రోజులన్నీ ఏం తిన్నావు?"

షైనీ అబద్ధం చెప్పబోయి ఆగింది. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. సువర్ణ టీవీ కట్టేసి, బెంజమిన్‌ని పక్కన కూర్చోమని సైగ చేసి, మధ్యలో ఒక్క మాటా అడ్డం వెయ్యకుండా వింది.