నాలుగు మినపగింజలు

చెక్కపెట్టె బోర్లిస్తే బల్ల మీద నాలుగు మినపగింజలు, మూడు వడ్లగింజలు పడ్డాయి. జోజప్పను ఫాదరును చేసే గురుపట్టం అక్కడితో ఆగిపోయింది.

కృష్ణ కరకట్ట పక్కనున్న ఆ మఠ విద్యాపీఠంలో వేదాంతశాస్త్రం ఎంత బాగా చదివినా, చివర తేల్చేది ఆ పెట్టే. సభలో ఏడుగురు ఫాదర్లు. పట్టం ఇవ్వచ్చనుకున్నవాళ్లు వడ్లగింజ వేస్తారు, వద్దనుకున్నవాళ్లు మినపగింజ. గుప్పిట మూసి తెచ్చి వేస్తారు కాబట్టి ఎవరు ఏది వేశారో దేవుడికే తెలియాలి. మఠం కట్టిన దొరలు వాళ్ల దేశంలో చిక్కుడు గింజలు వేసేవారట. ఇక్కడి పొలాల్లో వరి, వరి కోశాక మినుము. అందుకని గింజలు మారాయి.

ఏడేళ్లుగా క్లాసులో మొదటివాడు జోజప్ప. నాలుగు మినపగింజలు ఎందుకు పడ్డాయో అతనికి అర్థం కాలేదు. మఠాధిపతి ఫాదర్ లియో గదిలోకి పిలిచి, టైపు కొట్టిన కాగితం ముందు పెట్టాడు.

"సంతకం లేదు. మీ ఊరి చల్లపల్లి పోస్టు ముద్ర ఉంది. చదువు."

పట్టానికి ముందు మూడు ఆదివారాలు అభ్యర్థి పేరు సొంతవూరి గుడిలో చదువుతారు. అడ్డంకి ఏదైనా తెలిసినవాళ్లు చెప్పి తీరాలి. ఆ చదివింపు విని ఎవరో రాశారు.

'జోజప్ప తల్లి అమలమ్మకు పెళ్లి కాలేదు. ఆమె గుడి ఫాదరును మోసగించి, లేని భర్త పేరు జ్ఞానస్నానం రిజిస్టరులో రాయించింది. అట్టి సంతానానికి గురుపట్టం నిషిద్ధం. చూడుడు: శాసనం 984.'

"ఆ నిషేధం ఎప్పుడో ఎత్తేశారు. నీ పుట్టుకతో మాకు పనిలేదు," అన్నాడు ఫాదర్ లియో. "కానీ మీ అమ్మ మోసం చేసిందనీ, అది తెలిసీ నువ్వు నోరు మెదపలేదనీ నలుగురు నమ్మారు. శనివారం పెట్టె ఇంకోసారి పెడతాను. ఈలోగా నిజం తీసుకురా."

జోజప్పకు నిజం సగమే తెలుసు. మూడేళ్ల కిందట ఆస్పత్రి మంచం మీద అమ్మ చెప్పింది, తనకు పెళ్లి కాలేదని. రిజిస్టరు సంగతి చెప్పలేదు. జోజప్ప ఆ మాట ఒక్కడికే చెప్పుకున్నాడు. గది పంచుకున్న ఏసుపాదానికి. క్లాసులో రెండోవాడు ఏసుపాదం. జోజప్ప ఆగిపోతే రోమ్‌లో పై చదువు సీటు అతనిదే.

లైబ్రరీలో దొరికాడు.

"రోమ్ సీటు కోసం మా అమ్మని బజారుకీడ్చావేరా?"

"ఏంట్రా వాగుతున్నావ్?" అంటూ ఏసుపాదం కాగితం లాక్కుని చదివాడు. మొహం ఎర్రబడింది. తిడతాడనుకుంటే, అలమారలోంచి చర్చి చట్టాలుండే శాసనగ్రంథం తీసి బల్ల మీద ధన్‌మని పడేశాడు. "984 తియ్. పైకి చదువు."

జోజప్ప చదివాడు. పాపసంకీర్తనంలో, అంటే పాపాలు ఫాదరు చెవిన వేసుకునేటప్పుడు, తెలిసిన సంగతిని, చెప్పుకున్న మనిషికి కీడు కలిగేలా వాడుకోవడం గురువుకు పూర్తిగా నిషిద్ధం.

"చూశావా? పెళ్లి ఊసే లేదు. ఇది ఎనభై మూడులో వచ్చిన కొత్త గ్రంథం. నీ లెటరోడు చెప్పింది పాతదాంట్లోది. శాసనంలో నీకంటే రెండు మార్కులు ఎక్కువొచ్చినోణ్ణిరా నేను. రాస్తే ఇంత దరిద్రంగా రాస్తానా? ఊళ్లోవాళ్లకి అసలు నంబర్లే తెలీవు. పాత నంబరు నోటికొచ్చేది డెబ్భై దాటిన ఫాదర్లకే."

చల్లపల్లి ముద్ర. డెబ్భై దాటిన ఫాదరు. అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు. అమలమ్మ పాతికేళ్లు ఆయన గుడి వంటింట్లో పనిచేసింది. జోజప్పకు అక్షరాలు దిద్దించి, లాటిన్ నేర్పి, మఠంలో చేర్పించింది ఆయనే.

ఫాదర్ చిన్నప్ప.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కరకట్ట మీద వెళ్లే బస్సెక్కారు. దారి పొడుగునా రైతులు మినపచెట్లు పీకి రోడ్డు మీద పరిచారు. బస్సు చక్రాల కింద కాయలు పటపటమన్నాయి. నల్లటి గింజలు చెదిరి పడుతుంటే జోజప్ప కళ్లు తిప్పుకున్నాడు.

గుడి ముందు పందిరి వేస్తున్నారు. ఫాదర్ చిన్నప్ప గురుపట్టానికి యాభై ఏళ్లు. వచ్చే ఆదివారం స్వర్ణోత్సవానికి బిషప్ గారు వస్తున్నారు.

"నువ్వెళ్లి మాట్లాడు," అని ఏసుపాదం వరండాలో కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్నాడు.

"రా నాయనా! చిక్కిపోయావేంట్రా? మఠంలో తిండి పెట్టట్లేదా?" అన్నాడు ముసలాయన.

జోజప్ప కాగితం ఆయన ఒళ్లో పెట్టాడు. "984 మీకింకా కంఠతా వచ్చన్నమాట, ఫాదర్ గారూ."

ముసలాయన కాగితం జోజప్ప చేతికి తిరిగిచ్చాడు. తర్వాత లేచి తలుపు మూశాడు. కుర్చీ పట్టుకుని మోకాళ్ల మీదికి దిగి, సిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఇది పాపసంకీర్తనం. అలాగే విను. మీ అమ్మ అంతా పాపసంకీర్తనంలో చెప్పుకుంది. జాలేసి, లేని మొగుడి పేరు నేనే కల్పించి రాశాను."

"వేలిముద్ర వేసే మనిషండీ మా అమ్మ. ఆ పుస్తకంలో ఏం రాశారో తనకెలా తెలుస్తుంది?"

"తెలీదు. నేను చెప్పలేదు. నీ పట్టానికని రిజిస్టరు తనిఖీకి బిషప్ గారి ఆఫీసుకి పంపమన్నారు. యాభై ఏళ్ల పండగ ముందు నా దొంగరాత బయటపడితే? అమలమ్మ ఎటూ పోయింది, తప్పు ఆమె మీదికి తోసేశా. పోయినోళ్లకి పరువేముంది అనుకున్నా."

"బతికున్న నేనో?"

"నీకు వయసుందిలే, ఇంకో దారి దొరుకుద్దనుకున్నా." కుర్చీ ఊతతో పైకి లేచాడు. ఆ కళ్లలో పాత మాస్టారి చూపు మళ్లీ వచ్చింది. "విన్నావుగా. పాపసంకీర్తనంలో విన్నది నీ నోరు దాటకూడదు. నేను నేర్పిందే."

జోజప్ప కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పాపసంకీర్తనం గురువు వింటేనే చెల్లుతుందని కూడా మీరే నేర్పారు. నన్ను గురువు కాకుండా ఆపిందీ మీరే. ఇంక నా నోటికి తాళం ఎక్కడుందండీ?"

కిటికీలోంచి ఏసుపాదం తల కనిపించింది. "నేనూ ఇంకా గురువుని కాదండీ. అంతా వినపడింది."

శనివారం ఇద్దరి సాక్ష్యం విన్నాక మళ్లీ పెట్టె బోర్లించారు. ఏడూ వడ్లగింజలే.

ఫాదర్ లియో పట్టం దరఖాస్తు ముందుకు తోశాడు. అభ్యర్థికి పట్టం రోజున పూజ వస్త్రాలు తొడిగే గురువు పేరు ఒక గడిలో ఉంటుంది. కన్నతండ్రి లాంటివాణ్ణి ఎంచుకోవడం ఆనవాయితీ. నెల కిందట జోజప్ప అందులో గుండ్రటి అక్షరాలతో 'ఫాదర్ చిన్నప్ప' అని రాశాడు. ఆ అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే.

జోజప్ప ఆ పేరు కొట్టేశాడు. కలం అక్కడే ఆగిపోయింది.

"ఎవరో ఒకరు తొడగాలి కదయ్యా," అన్నాడు ఫాదర్ లియో.

"మీరే ఎవర్నో ఒకర్ని రాసుకోండి, ఫాదర్ గారూ," అని జోజప్ప కలం బల్ల మీద పెట్టేశాడు. "నాకు తండ్రి లాంటివాడు ఒక్కడే ఉండేవాడు."