ఇరవై ఒక్క రోజుల లెక్క

మంచిర్యాల మహిళా సంఘంలో నవనీత ప్రసంగం బాగానే పండింది. డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పే మనిషి, మాటకు తడుముకోదు. "ఏ పనైనా ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైతది. ఇగ మీ కాళ్లే మిమ్మల్ని లేపి నడిపిస్తయి" అంటే అందరూ హుషారైపోయారు.

మూడు వారాలయ్యాక ఒక పొద్దున, ఆ ప్రసంగం విన్నవాళ్లలో ఒకరైన బాలవ్వ నవనీత ఇంటి గేటు ముందుకొచ్చి నిలబడింది. అరవై దాటిన మనిషి. షుగర్ ఉందని డాక్టర్ నడవమన్నాడు.

"బిడ్డా, నిన్నటితోని ఇరవై ఒక్కటి అయిపోయినయి. గీ కాళ్లు లేస్తలేవు. రోజూ నేనే గుంజుకపోవుడాయె!"

నవనీత నవ్వబోయి ఆగింది. బాలవ్వ ముఖంలో నవ్వు లేదు.

"నడుమల ఒక్కనాడు వానొచ్చిందని పోలే. గందుకే చెడిందా? మల్ల మొదటికెల్లి చెయ్యాల్నా?"

"జర ఆగు అవ్వా, చూసి చెప్త."

ఇంతకీ ఆ లెక్క తనకెక్కడిది? పాత నోట్సు తిరగేస్తే ఏదో శిక్షణ తరగతిలో రాసుకున్న ముక్క. నెట్‌లో వందల పేజీలున్నాయి, అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవే. ఎవరు పరీక్షించి చూశారో ఒక్కరూ చెప్పరు. ఇన్నేళ్లూ పిల్లలకు ఇదే చెప్పానని తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది.

చివరికి పరిశోధన పత్రాల మధ్య, అలవాటుకు ఎన్ని రోజులు పడుతుందో నిజంగా మనుషుల్ని పరీక్షించి రాసినది ఒకటి దొరికింది. సారాంశం తప్ప మిగతాదంతా డబ్బు కడితేనే. నవనీత నేరుగా రాసినవాళ్లకే ఈమెయిల్ పెట్టింది. రెండో రోజుకల్లా పత్రం మొత్తం వచ్చేసింది. కూర్చుని పట్టికలతో సహా చదివింది.

మర్నాడు బాలవ్వతో కలిసి నడకకు బయలుదేరింది.

"తప్పు నాదే అవ్వా. అది అందరికీ ఒక్క తీరుగ ఉండదట. ఒకలకు పద్దెనిమిది రోజులు, సగటున రెండు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. ఒక్కనాడు తప్పితే ఏం కాదట."

బాలవ్వ ఆగిపోయింది. "ఏం కాదా? వారం సంది పరేషానైతున్న గదనే! మరి నాకెన్నొద్దులు?"

"తెల్వది. వాళ్లు చూసింది వంద మందిని గూడ కాదు. నీ వయసోళ్ల సంగతి అండ్ల లేదు."

"తెల్వదంటున్నవు సూడు, గిప్పుడు నమ్ముత" అంటూ బాలవ్వ ముందుకు కదిలింది.

తర్వాతి సమావేశానికి నవనీత ఆ పత్రాన్నే తీసుకెళ్లింది. తన తప్పు ఒప్పుకుని, ఒక్కో పేజీ తెలుగులో విడమరిచి చెప్పింది. గంటన్నర పట్టింది. ఎవరూ మధ్యలో లేచి వెళ్లలేదు.